పద్నాలుగో కొండ

గొలుసు బాబాయ్ లోపలికి వెళ్ళి ఇరవై నిమిషాలైంది. ఇరవై నిమిషాలు ఒక మనిషిని ఏం అడుగుతారు, కొలిచావా లేదా అంటే కొలిచాననో లేదనో చెప్పడానికి అర నిమిషం చాలు, మిగతా పంతొమ్మిదిన్నర నిమిషాలూ ఆయన ఏం చెబుతున్నట్టు, తన ఊసు ఎత్తుతున్నాడా, ఎత్తితే ఎలా ఎత్తుతున్నాడు, మా ఆఫీసులో మ్యాపులు గీసే అమ్మాయి అక్కర్లేదందండీ అని ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాడా, లేక నీళ్ళు నములుతున్నాడా, అనుకుంటూ ఆమె బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి తలుపు వైపు చెవి ఒగ్గింది. ఏమీ వినపడలేదు. తలుపు మందం, పైగా దాని వెనక మరో తలుపు ఉందట, పొద్దున మంచినీళ్ళు తెచ్చిపెట్టిన గుమాస్తా చెప్పాడు. విచారణ గదికి రెండేసి తలుపులెందుకో, లోపలివాళ్ళ మాట బయటికి రాకూడదనో, బయటివాళ్ళ ఏడుపు లోపలికి పోకూడదనో. పదకొండు మంది పోయారు. రోడ్డు పని చేసేవాళ్ళు, కొండ కింద రేకుల షెడ్డులో పడుకున్నవాళ్ళు, తెల్లవారేసరికి బురద కింద ఉన్నారు. ఆ బురద అటు రావడానికి కారణం ఒక మ్యాపు, ఆ మ్యాపులో పడమటి మూల ఉన్న కొండ నిజం కొండ కాదు, ఆమె తన కంప్యూటర్‌లో పుట్టించిన కొండ. ఆ సంగతి ఆమెకీ ఆమె మొగుడికీ తప్ప భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. గొలుసు బాబాయ్‌కి కూడా తెలియదు. ఆయన తర్వాత పిలుపు ఆమెదే.

బెంచీ ఇనుపది, సీటు నిండా చిల్లులు, అరచేయి ఆనించి తీస్తే చేతి మీద గుండ్రటి అచ్చులు పడుతున్నాయి. ఎదురుగోడకి చెమ్మ పట్టి సున్నం ఉబ్బింది, ఆ ఉబ్బు చుట్టూ ఒక గీత, దాని చుట్టూ మరో గీత, చెమ్మ ఎండుతూ వెనక్కి పోయినప్పుడల్లా ఒక గీత వదిలిపెట్టి పోయింది, అచ్చం మ్యాపులో ఎత్తుగీతల్లాగే. ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసే గీతలు అవి, దగ్గర దగ్గరగా ఉంటే నిటారు వాలు, దూరంగా ఉంటే మెల్లటి వాలు, పదకొండేళ్ళుగా ఆమె బతుకంతా అవే గీతలు. పదకొండేళ్ళు, పదకొండు మంది, ఏడాదికి ఒకరు లెక్క, ఛీ, ఇదేం లెక్క. కళ్ళు తిప్పుకుంది. కళ్ళు తిప్పుకుంటే మాత్రం ఎక్కడికని తిప్పుకుంటుంది, నేల మీద నాపరాళ్ళు, ఆ రాళ్ళలో కూడా మరకలు, వాటికీ అంచులు, దేన్ని చూసినా ఇక్కడ ఎత్తు, ఇక్కడ పల్లం, ఇటు పోతాయి నీళ్ళు అని మనసు దానంతటది చెప్పేస్తుంది. ఇంత తెలిసినదానివి మరి అక్కడెందుకమ్మా చెప్పలేకపోయావు.

ఆరేళ్ళ కిందట మొదలైంది ఆ సరదా. రోజంతా ఎవరో కొలిచి తెచ్చిన కొండల్ని గీసీ గీసీ, నాకంటూ ఒక కొండ ఉండకూడదా అనిపించి, ఆదివారం మధ్యాహ్నాలు భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కోడ్ రాయడం నేర్చుకుంది. చెబితే నవ్వుతారు గానీ కొండ చేయడం బ్రహ్మవిద్యేం కాదు. ఒక అంకె ఇవ్వాలి, ఏదో ఒకటి, దాన్ని సీడ్ అంటారు. ఆ అంకె నుంచి ప్రోగ్రాం ఎత్తుపల్లాలు పుట్టిస్తుంది, ముందు పెద్ద ఉబ్బులు, వాటి మీద మధ్యరకంవి, వాటి మీద చిన్నవి, ఆ పైన కాస్త గరుకు. అదే అంకె మళ్ళీ ఇస్తే అదే కొండ, ఒక్క రాయి కూడా తేడా రాదు. అంకె మారిందా, ఇంకో లోకం. అయితే అలా పుట్టిన కొండ నలిగిన దుప్పటిలా ఉంటుంది, దానికి వయసుండదు. వయసు రావాలంటే దాని మీద వాన కురిపించాలి. రెండు లక్షల చుక్కలు, ఒక్కొక్కటీ ఎక్కడో పడి, పల్లం వెతుక్కుంటూ జారి, దారిలో కాస్త మట్టి గీరుకుని, నెమ్మదించిన చోట ఆ మట్టి వదిలేసి పోవాలి. మొదటిసారి ఆ వాన కుదిరిన రోజు, చుక్కలు వాటంతటవే కలిసి ఒక వాగు గీసుకున్న రోజు, ఆమె కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి కారణం లేకుండా గిన్నెలన్నీ కడిగేసింది, అంత సంతోషం. మొగుడు చూసి, గోరంతలు కొండంతలు చేయడం అందరికీ వచ్చు, మా ఆవిడకి ఆ గోరంత కూడా అక్కర్లేదు అని బంధువులందరికీ చెప్పి నవ్వించాడు. కూతురొక్కతే భుజం మీంచి తొంగి చూసి, "ఇందులో మనుషులెక్కడమ్మా?" అంది. "లేరే." "ఎందుకు లేరు?" "మనుషుల్ని పెట్టడం నాకు రాదు." ఆ పిల్లకి విసుగొచ్చి వెళ్ళిపోయింది. ఆ లోకాల్లో ఎంత వాన కురిసినా ఎవరూ పోరు, ఎవరి చెప్పులూ ఒడ్డుకి కొట్టుకురావు, అందుకే కాబోలు అంత హాయి, ఇప్పుడు తెలుస్తోంది, ఇప్పుడు తెలిసి ఏం లాభం.

గడియారం చూసింది. ఇరవై ఏడు నిమిషాలు. గుమాస్తా ఒక ఫైలు చంకలో పెట్టుకుని పోతూ, "టీ ఏమైనా కావాలామ్మా?" అన్నాడు, వద్దంది, వద్దన్నాక కావాలనిపించింది. లోపల మాట పెగలకపోతే. మొదటి వాక్యం ఏది. సార్, నేనొక మాట చెప్పాలి, ఇలా మొదలుపెడితే సినిమాలో దొంగలా ఉంటుంది. ఆ మూలలో కొలతలు లేవండీ, అలా మొదలుపెట్టాలి, అది చాలు, ఆ ఒక్క వాక్యం బయటపడితే తర్వాతివి వాటంతటవే జారిపోతాయి. లేదా అసలేమీ చెప్పక్కర్లేదు. నాకు ఇచ్చిన ఎత్తుల ప్రకారం గీశానండీ అనవచ్చు. ఇచ్చిందెవరు అంటారు. అప్పుడు తలుపు వైపు చూడవచ్చు, వేలు కూడా ఎత్తక్కర్లేదు.

పై నుంచి నేల ఎత్తులు కొలిచే డ్రోన్‌కి చెట్ల తలలు కనపడతాయి గానీ చెట్ల కింద నేల కనపడదు. ఆ పడమటి మూల చిట్టడవి, రెండు ఆటస్థలాలు పట్టేంత జాగా, అక్కడ ఎత్తులే రాలేదు, తెర మీద నల్లగా ఒక కంత. అలాంటిచోట ఖాళీ వదిలి, గళ్ళు కొట్టి, కొలత లేదు అని రాయాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్పే పాఠం అది, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. గొలుసు బాబాయ్ గురువారం వెళ్ళి కొలకర్ర పట్టుకుని నడిచి కొలుస్తానన్నాడు, ఆఫీసు పెద్దసారు మాత్రం సోమవారానికే మ్యాపు షీటు కావాలన్నాడు, చూపించడానికేలే, మళ్ళీ మార్చుకోవచ్చు అన్నాడు. సోమవారం భోజనాల వేళ ఆమె డబ్బా విప్పకుండా, ఆ కంత అంచుల ఎత్తుల్ని తన ప్రోగ్రాంకి ఇచ్చి, లోపల నింపమంది. ఆటకే. చేతికి ఆ అలవాటు ఉంది, అరచేయంత కంతలు అంతకుముందూ పూడ్చింది. మొదటి అంకెకి వచ్చిన కొండ బాగోలేదు. రెండోది అంచుల దగ్గర అతుకులా కనపడింది. మూడు, నాలుగు, ఐదు, ఎక్కడో ఒకచోట మొహం మాడ్చుకున్నట్టున్నాయి. పద్నాలుగో అంకెకి వచ్చిన కొండ చూసి ఊపిరి బిగపట్టింది, అంచులు ఎక్కడ కలిశాయో తనకే తెలియలేదు, పై నుంచి దిగే వాలు ఎక్కడా తడబడకుండా లోపలికి వచ్చి, కుడివైపుగా ఒక వాగై వంపు తిరిగి, అలవోకగా బయటికి నడిచిపోయింది. దాని మీద గళ్ళు కొట్టి కొలత లేదు అని రాసింది కూడా. రాసి, కాసేపు చూసి, చక్కటి మొహం మీద మరకలా ఉందని ఆ గళ్ళు తీసేసింది. ఎవరూ తీయమనలేదు. ఈ మాట లోపల తప్పకుండా చెప్పాలి, ఎవరూ తీయమనలేదు.

పెద్దసారు ఆ షీటుని రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. "కొండంటే ఇలా ఉండాలమ్మా. మిగతావన్నీ చప్పగా ఉంటాయి, దీనికి ప్రాణముంది," అన్నాడు, సరిగ్గా ఆమె పుట్టించిన మూల మీదే వేలు పెట్టి అన్నాడు. పదకొండేళ్ళలో ఆ మనిషి నోట్లోంచి మంచిమాట ఊడిపడటం అదే మొదలు. ఆ సాయంత్రం బస్సులో నిలబడి వెళుతూ కూడా ఆమె నవ్వుకుంటూనే ఉంది, పక్కనున్నావిడ ఏమైనా విశేషమా అని అడిగింది. ఏముంది విశేషం, నా కొండని మెచ్చుకున్నారు, నిజం కొండలన్నిటినీ వదిలేసి నా కొండని. మంగళవారం దాన్ని మళ్ళీ తెరిచి చూసింది, బుధవారం మళ్ళీ. అన్నిసార్లు చూస్తే ఏదైనా నిజమైపోతుంది, ఇది సాకు కాదు, జరిగింది అదే, గురువారం నాటికి ఆ వాగు ఆమెకి తెలిసిన వాగు, దాని ఒడ్డున నడిచొచ్చినంత తెలుసు.

గురువారం వాన జల్లు పడుతోంది. గొలుసు బాబాయ్ గొడుగు దులుపుకుంటూ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు ఇనుప గొలుసులతో నేల కొలిచేవారట, గొలుసు పోయి టేపులొచ్చి, టేపులు పోయి యంత్రాలొచ్చి, ఇప్పుడు డ్రోనులొచ్చినా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. మోకాలికి పట్టీ కట్టుకున్నాడు, ప్యాంటు మీద నుంచి ఉబ్బుగా తెలుస్తోంది. "అమ్మాయ్, ఆ పడమటి మూల ఇవాళ వెళ్ళి కొలిచి రమ్మంటావా? జారుడుగా ఉంటుంది గానీ వెళ్తాను," అన్నాడు. "అక్కర్లేదు బాబాయ్, సరిపోయింది," అంది ఆమె. అంతే. ఆలోచించి అన్న మాట కాదు, తల కూడా ఎత్తకుండా అంది. సరిపోయిందా, ఎలా సరిపోయింది అని ఆయన అడగలేదు, ఆ మోకాలితో వానలో కొండెక్కే బాధ తప్పింది, ఇంకేం అడుగుతాడు. బతికించావు తల్లీ అని నవ్వి, గొడుగు మూలకి ఆనించి టీకి వెళ్ళిపోయాడు. ఆయన మీద జాలితో అన్నానని ఈ మధ్య చాలాసార్లు తనకి తను చెప్పుకుంది. జాలి కాదు. ఆయన వెళితే నిజం కొలతలొస్తాయి, అవొస్తే తన కొండని చెరిపేయాలి. చెరపబుద్ధి కాలేదు. ఇంత చిన్న సంగతి, పదేళ్ళ పిల్ల తను కట్టుకున్న బొమ్మరిల్లు తీయనివ్వనని మారాం చేయడం లాంటి సంగతి, దాని మీద పదకొండు ప్రాణాలు.

తర్వాతైనా ఆపి ఉండవచ్చు. మూడు నెలల తర్వాత పని జరిగే చోటు నుంచి ఇంజనీరు ఫోన్ చేశాడు, చెట్లు కొట్టించాం, ఎడమవైపు పల్లంలా ఉందే, మ్యాపులో వాగు కుడివైపుంది కదా అని. పెద్దసారు స్పీకర్ పెట్టి మాట్లాడతాడు ఎప్పుడూ, ఆఫీసంతా వినపడింది. "చెట్లు పీకితే గుంటలు పడవా ఏమిటయ్యా, మ్యాపు ప్రకారం వెళ్ళు," అన్నాడు సారు. ఆమె కుర్చీ ఆయన బల్లకి ఎనిమిదడుగుల దూరం. లేవాల్సింది. లేచి సార్ ఒక్క నిమిషం అనాల్సింది. తెర మీద కర్సరు మిణుకుమిణుకుమంటుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. వాళ్ళు కుడివైపున, వాగు లేని చోట, తూము కట్టారు. ఎడమవైపు నిజం వాగుని మట్టి పోసి తొక్కించి దాని మీద రోడ్డు కట్ట వేశారు. కట్ట కింద చదునుగా ఉందని అక్కడే రేకుల షెడ్డు వేసుకున్నారు పనివాళ్ళు. మొన్నామధ్య రెండు రోజులు ఆగకుండా వాన పడింది. నీళ్ళు వాటి పాత దారిన వచ్చాయి, దారి లేదు, కట్ట వెనక నిలబడ్డాయి, మూడో రోజు తెల్లవారకముందే కట్టని తోసుకుని దిగాయి.

పేపర్లో పడ్డ ఫోటోల్లో షెడ్డు కనపడలేదు. రేకు ఒకటి నిటారుగా గుచ్చుకుని నిలబడి ఉంది, ఒక వంటగిన్నె, చెప్పులు. చెప్పుల జతలు లెక్కపెట్టింది, తొమ్మిదే వచ్చాయి, మిగతా ఇద్దరివీ ఏమయ్యాయో. ఒకామె తమ్ముడి కోసం మూడు రోజులు ఆ బురద పక్కనే కూర్చుందని పేపర్లో రాశారు, ఆమె ఫోటో కూడా వేశారు, చూడకుండా పేజీ తిప్పేసి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పద్నాలుగు అంకెలూ వరసగా మళ్ళీ ఇచ్చి చూసింది. ఎందుకు చూసిందో, చూడకుండా ఉంటే బాగుండేది. ఆరోది రాగానే తెరకి దగ్గరగా వంగి చూసింది. ఆరో కొండలో వాగు ఎడమవైపే ఉంది. బెత్తెడు అటూ ఇటూగా నిజం వాగు ఎక్కడుందో అక్కడే ఉంది, వంకర టింకరగా, వికారంగా, మధ్యలో తెగినట్టుగా. చూసింది దాన్ని ఆ సోమవారం. చూసి, ఇదేం కొండ అని మొహం చిట్లించి పక్కన పడేసింది.

అప్పుడు చెప్పింది మొగుడికి. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడే మనిషి, గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి, "ఎవరైనా కనిపెట్టగలరా?" అన్నాడు. లేదంది. నిజమే, ఎవరూ కనిపెట్టలేరు, ఆ కొండ ఇప్పుడు లేదు, తవ్వేశారు, పూడ్చేశారు, కొట్టుకుపోయింది, కాగితం మీద గీతలు నిజం కొలతల నుంచి వచ్చాయో ఒక అంకె నుంచి పుట్టాయో ఏ పెద్దింజనీరు వచ్చినా చెప్పలేడు, అంత బాగా చేసింది. "అయితే నోరు మూసుకో," అన్నాడు ఆయన. "పోయినవాళ్ళు తిరిగిరారు. పిల్ల చదువు నడుస్తోంది. నువ్వు జైలుకెళ్తే వాళ్ళు లేచొస్తారా?" లేచిరారు. ఆ ఒక్క ప్రశ్నతో తనే గెలిచానని ఆయన పడుకున్నాడు, ఆమె పడుకోలేదు. మరి గొలుసు బాబాయ్ సంగతో అని అడగాలనుకుని అడగలేదు, అడిగితే దానికీ ఏదో ఒకటి చెబుతాడు, ఆ చెప్పేది సబబుగా ఉంటుందేమోనని భయం. బాబాయ్‌కి ఉద్యోగం ఇంకో రెండేళ్ళే, పిల్లలు స్థిరపడ్డారు, పోతే ఆయనకేం పోతుంది. అదిగో, మొగుడు అనకపోయినా ఆ మాట తనకే తట్టింది, ఎంత చక్కగా తట్టింది.

తలుపు తెరుచుకుంది. నలభై ఒక్క నిమిషాలు. గొలుసు బాబాయ్ వెనక్కి తిరిగి లోపలివాళ్ళకి దండం పెట్టి, మెల్లిగా తలుపు దగ్గరికి లాగి, బెంచీ దాకా కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది. చెప్పేశాడు అనుకుంది ఆమె, చెప్పేస్తే మేలే, తను మొదలుపెట్టాల్సిన పని తప్పింది.

"అమ్మాయ్, నేను వెళ్ళి కొలిచానని చెప్పాను," అన్నాడు గొంతు తగ్గించి. "కర్రతో కొలిచి, కాగితం మీద రాసి నీకిచ్చానని. వానలో తప్పు చదివి ఉంటానని చెప్పి సంతకం పెట్టాను. నువ్వూ అదే చెప్పు."

"అదేంటి బాబాయ్, మీరు వెళ్ళలేదు కదా!"

"ముప్పయ్యారేళ్ళు కొలిచాను. ఇప్పుడు వాళ్ళ ముందు నిలబడి వెళ్ళలేదండీ, మోకాలు నొప్పండీ అని ఎలా చెప్పను? కొలిచి తప్పు చేశాడంటే అదొక మర్యాద. అసలు కొలవలేదంటే నేనేం మనిషిని?" ఆయన పట్టీ మీద చేత్తో రాసుకున్నాడు. "నువ్వు అక్కర్లేదన్నావంటే నీ దగ్గర ఏవో పాత కొలతలుండి ఉంటాయి, అవి తప్పయి ఉంటాయి. నీ తప్పేముంది అందులో? వెళ్ళాల్సింది నేను. రోజూ కళ్ళ ముందు ఆ షెడ్డే కనపడుతోంది, అమ్మాయ్. వెళ్ళి ఉంటే కనపడేది ఆ వాగు. నా కాలికే తగిలేది."

ఆయన ఏడుస్తున్నాడని ఆమెకి ఆలస్యంగా అర్థమైంది, శబ్దం లేదు, గడ్డం మీదుగా కారుతోంది. నేనే బాబాయ్, నేనే, అనాలి ఇప్పుడు, ఇక్కడే, విచారణ కమిటీ కంటే ముందు ఈయనకి చెప్పాలి, ఈయన పదకొండు శవాలు మోస్తూ తిరుగుతున్నాడు, అందులో ఒక్కటి కూడా ఈయనది కాదు. కానీ అప్పటికి ఆమె లోపల మాట్లాడుతున్నది వేరే ఎవరో, చాలా నెమ్మదిగా, చాలా తెలివిగా: ఆయన సంతకం పెట్టేశాడు, ఇప్పుడు నువ్వు నిజం చెబితే ఆయన అబద్ధాలకోరవుతాడు, విచారణలో అబద్ధమాడినందుకు అదొక శిక్ష, ముసలితనంలో ఆ పరువు కూడా తీస్తావా, ఆయన కోసమైనా ఊరుకో. ఎంత నున్నగా ఉంది ఆ మాట. ఎక్కడా అతుకు కనపడటం లేదు. అది చూసే ఆమెకి భయమేసింది, ఇంత అందంగా కుదిరినదాన్ని ఇక నమ్మకూడదని ఈ ఒక్కదాంట్లోనైనా తెలుసుకుంది. గుమాస్తా తలుపులోంచి తల బయటపెట్టి, రండమ్మా అన్నాడు.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. నడుమ కళ్ళజోడు తాడుకి వేలాడేసుకున్న ఒక పెద్దావిడ, ఒక పక్క బట్టతలాయన, ఇంకో పక్క నీళ్ళ గ్లాసు మీద మూత పెడుతూ తీస్తూ ఉన్న సన్నటి మనిషి. మూలన ఒక అమ్మాయి టైపు చేస్తోంది. షీటు బల్ల మీద పరిచి ఉంది, పడమటి మూల ఆమె వైపుకే తిరిగి ఉంది, ఇప్పటికీ చక్కగానే ఉంది. పెద్దావిడ అక్కడ వేలు పెట్టి, "ఈ ఎత్తులు మీకు ఇచ్చిందెవరు?" అంది.

"ఎవరూ ఇవ్వలేదండీ. అక్కడ కొలతలు లేవు. నేనే పుట్టించాను."

చెప్పేసింది. గుండె తేలికపడుతుందనుకుంది, పడలేదు. ఆగితే మళ్ళీ ఆగిపోతానని గబగబా చెప్పుకుపోయింది, ఆదివారాల సరదా దగ్గర్నుంచి, నల్లటి కంత, పద్నాలుగు అంకెలు, తీసేసిన గళ్ళు, అక్కర్లేదన్న మాట, లేవకుండా కూర్చున్న కుర్చీ. అంకె చెబుతాను, ప్రోగ్రాం తెస్తాను, మీ ముందే పెట్టి చూడండి, గీతకి గీత అదే కొండ వస్తుంది అంది. టైపు చేసే అమ్మాయి మొదట్లో చేసింది, తర్వాత పెద్దావిడ చేయెత్తితే ఆపేసింది. బట్టతలాయన లేచి, తలుపు తీసి, గొలుసు బాబాయ్‌ని పిలిచాడు. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈవిడ మీరు కొలవలేదంటోంది. ఎత్తులు కంప్యూటర్ ఊహించిందంటోంది. ఏమంటారు?"

బాబాయ్ ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. బతిమాలుతున్నాడు. "కొలిచానండీ," అన్నాడు. "ఈ చేతుల్తోనే కొలిచాను. పాపం, నా మీద జాలితో ఏదో చెబుతోంది."

వెళ్ళమన్నారు, వెళ్ళాడు. గదిలో ఒక రకమైన ఊరట, ఆమెకి తెలుస్తూనే ఉంది, వాళ్ళ భుజాలు దిగాయి. బట్టతలాయన మెత్తగా మాట్లాడాడు, కూతురితో మాట్లాడినట్టు. "చూడమ్మా, మీరు చాలా బాధలో ఉన్నారు. మేమూ మనుషులమే. ఆయన కొలిచి తప్పు చదివానని సంతకం పెట్టాడు. మనిషి పొరపాటు, అందరికీ అర్థమయ్యే సంగతి. మీరు చెప్పేది రాస్తే ఏమవుతుందో తెలుసా? రేపు పేపరువాళ్ళు మీ ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి షీటూ అనుమానమే అంటారు. ఈ ఒక్కదాని కోసం పదకొండేళ్ళ షీట్లన్నీ తిరగదోడమంటారా?" టైపు చేసే అమ్మాయి ఒక కాగితం తెచ్చి ముందు పెట్టింది. నాకు అందిన కొలతల ప్రకారమే గీశాను అని అందులో టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు. కలం కూడా మూత తీసి పెట్టారు.

సంతకం పెడితే సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉంటుంది. మొగుడు మొహం చూసి అడక్కుండానే తెలుసుకుంటాడు, కూతురు లెక్కల పుస్తకం తెస్తుంది. చెప్పాల్సింది చెప్పాను, వాళ్ళే నమ్మలేదు, ఇంకేం చేయను అనుకుంటూ ముసలిదయ్యేదాకా బతకవచ్చు. కలం పట్టుకుంది. పట్టుకున్నాక ఆ మాటే మళ్ళీ చెవిలో పడింది, ప్రతి షీటూ, షీట్లన్నీ. అరచేయంత కంతలు. మ్యాపులో అరచేయంత అంటే నేల మీద ఎంత, ఆ లెక్క చేయడానికి ఆమెకి కాగితం కూడా అక్కర్లేదు, పదకొండేళ్ళుగా చేస్తున్న లెక్కే, ఇన్నాళ్ళూ తను పూడ్చిన ఆ నాలుగు కంతలకి మాత్రం చేయలేదు. మొగుడికి కూడా చెప్పలేదు వాటి సంగతి. తనకి తనే చెప్పుకోలేదు.

"తిరగదోడాలండీ," అంది, కలం కింద పెట్టి. "ఇలాంటి షీట్లు ఇంకో నాలుగున్నాయి. ఆ నంబర్లు రాసిస్తాను. మూడుచోట్ల ఇంకా పని మొదలుపెట్టలేదు. నాలుగోదాని మీద ఇళ్ళు కట్టేశారు, పోయిన ఏడాదే జనం దిగారు."

గ్లాసు మీద మూత చప్పుడు ఆగిపోయింది. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని, షీటు వైపు కాకుండా మొదటిసారి ఆమె మొహంలోకి చూసి, "ఎంతమంది ఉంటారక్కడ?" అంది.

ఆమెకి తెలియదు.